మెనూలో మాట, వెనక తీగ

డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో మెనూ అన్నది రోజూ వాడుతూ కూడా మనం ఎప్పుడూ పరీక్షగా చూడని వస్తువు. పైన ఒక పట్టీ, దాని మీద ఫైల్, ఎడిట్, వ్యూ, హెల్ప్. నొక్కితే జాబితా దిగుతుంది. అందులో ఒక మాట మీద నొక్కితే పని జరుగుతుంది.

నిజానికి మెనూలో ఉన్న 'సేవ్' అనే మాటకి సేవ్ చేయడం రాదు. అది తెర మీద గీసిన నాలుగక్షరాల బొమ్మ, అంతే. సేవ్ చేసే కోడ్ వేరే ఎక్కడో ఉంటుంది. తనని ఏ మాట పేరుతో పిలుస్తున్నారో ఆ కోడ్‌కి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఈ రెంటినీ ఎవరో ఒకరు కలపాలి. గ్రాఫికల్ ప్రోగ్రామింగ్ చరిత్రలో పెద్ద భాగం ఈ కలపడం ఎలా అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ప్రోగ్రామర్ల ఇంటి గొడవలా కనిపిస్తుంది గానీ, కంప్యూటర్ మెనూలో తెలుగు మాట కూర్చోగలదా లేదా అన్నది తేలింది సరిగ్గా అక్కడే. భాషాభిమానం, ఫాంట్లు, ప్రభుత్వ జీవోలు, ఇవన్నీ తర్వాతి సంగతి. మాటనీ పనినీ దేనితో ముడేశారు అన్నది ముందు.

హాలేజి గంట

మా బెల్లంపల్లి వైపు గనిని బాయి అంటారు. బొగ్గుబాయిలో ఏటవాలుగా దిగే హాలేజి దారి ఉంటుంది. పట్టాల మీద బొగ్గు టబ్బులు, టబ్బులకి ఇనుప తాడు, ఆ తాడుని చుట్టే హాలేజి ఇంజను. ఇంజను నడిపే మనిషికి టబ్బులు కనపడవు. టబ్బుల దగ్గరున్న మనిషికి ఇంజను కనపడదు. మధ్యలో పొడవాటి చీకటి. పాత పద్ధతిలో ఈ దారి పక్కనే రెండు తీగలు లాగేవాళ్ళు. ఆ రెండు తీగల్నీ ఎక్కడ కలిపినా ఇంజను దగ్గర గంట మోగుతుంది. ఎన్ని గంటలకి ఏ అర్థమో బోర్డు మీద రాసి పెట్టాలని గనుల నిబంధనలు చెప్తాయి. మన దేశంలో 2017 దాకా అవి 1957 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్.

ఈ గంటలో చూడాల్సినవి నాలుగు సంగతులు. ఒకటి, గంట టబ్బుల్ని లాగదు. లాగేది ఇంజను, గంట కబురు మాత్రమే. రెండు, ఒకే గంటకి సందర్భాన్ని బట్టి అర్థం మారుతుంది. బ్రిటిష్ గనుల పాత సంప్రదాయంలో పంజరం ఆగి ఉన్నప్పుడు ఒక గంట కొడితే పైకి లాగమని, కదులుతున్నప్పుడు అదే ఒక గంట కొడితే ఆపమని. మూడు, మనుషులు ఎక్కబోతున్నారంటే మూడు గంటలు కొడతారు. పైనుంచి తిరుగు గంట వినిపిస్తేనే మనుషులు ఎక్కుతారు. అంటే కబురు అందిందనీ సరిగ్గానే అర్థమైందనీ అవతలి మనిషి ఒప్పుకోవాలి. నాలుగు, గంటకి భాష లేదు. తెలుగు మాట్లాడేవాళ్ళు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు, హిందీ మాట్లాడేవాళ్ళు, ఇంగ్లీషులో రిపోర్టు రాసుకునే దొరలు, అందరికీ అదే గంట.

ఇంకో సంగతి కూడా ఉంది. 1913 అక్టోబర్ 14న వేల్స్‌లోని సెంగెనిడ్ గనిలో పేలుడు జరిగి 439 మంది గని కార్మికులు చనిపోయారు. విచారణలో అనుమానించిన కారణాల్లో విద్యుత్ గంటల తీగల దగ్గర పుట్టే నిప్పురవ్వ ఒకటి. ఆ తర్వాతి ఏళ్ళలో వీలర్, థార్న్‌టన్ లాంటి పరిశోధకులు గంట తీగలో ఎంత కరెంటు ఉంటే రవ్వ పుట్టినా గ్యాసు అంటుకోదో కొలిచారు. ఇవాళ గనుల్లో, రిఫైనరీల్లో వాడే ఇంట్రిన్సిక్ సేఫ్టీ అనే సూత్రం అక్కణ్ణించే వచ్చింది. దాని సారం ఇది: కబురు మోసే తీగలో కబురుకి సరిపడా కరెంటే ఉండాలి, అంతకు మించి ఉండకూడదు.

మెనూ చరిత్రకి కూడా ఈ సూత్రం పనికొస్తుంది. మాటకీ పనికీ మధ్య తీగలో ఏం పారుతోంది? ఒక అంకె పారుతోందా, ఒక పేరా, లేక ఇంగ్లీషు మాటే పారుతోందా?

రెండు వరుసలు

1970ల్లో కాలిఫోర్నియాలోని జెరాక్స్ పార్క్ పరిశోధనాశాలలో స్మాల్‌టాక్ అనే భాషనీ, దాని చుట్టూ ఒక తెరనీ తయారు చేశారు. కావాల్సినచోట టక్కున తేలే పాపప్ మెనూ అక్కడే రూపు దిద్దుకుంది. దాని వెనక డాన్ ఇంగాల్స్ చెయ్యి ఉంది.

స్మాల్‌టాక్-80లో మెనూ తయారు చేయడం చాలా సాదాగా ఉండేది. రెండు వరుసలు రాసేవాళ్ళు. మొదటి వరుసలో మనిషికి కనపడే మాటలు: అగైన్, అన్‌డూ, కాపీ, కట్, పేస్ట్. రెండో వరుసలో ఆబ్జెక్టుకి పంపాల్సిన మెసేజ్‌ల పేర్లు. మనిషి మొదటి వరుసలో మూడోది ఎంచుకుంటే, ప్రోగ్రాము రెండో వరుసలో మూడోదాన్ని తీసి పంపుతుంది. మాటకీ పనికీ ఉన్న బంధమల్లా వరుసలో చోటు.

ఇందులో ఇబ్బంది చెప్పకుండానే తెలుస్తుంది. ఒక వరుసలో కొత్త మాట చేర్చి రెండోదాంట్లో చేర్చడం మర్చిపోతే అక్కణ్ణించి కిందివన్నీ ఒక అడుగు జరుగుతాయి. కాపీ అంటే కట్ జరుగుతుంది. కానీ ఒక గొప్ప సంగతి కూడా ఇక్కడే మొదటిసారి స్పష్టంగా కనిపిస్తుంది. చూపే మాట వేరు, పంపే మెసేజ్ వేరు. మొదటి వరుసని ఏ భాషలోకి మార్చినా రెండోది కదలక్కర్లేదు.

అంకెల కాలం

తెర పైన పట్టీలా ఉండి నొక్కితే కిందికి దిగే మెనూ 1983లో యాపిల్ లీసాతో జనం ముందుకొచ్చింది. దాన్ని రూపొందించినవాడు బిల్ అట్కిన్సన్. మరుసటి ఏడాది జనవరి 24న మ్యాకింటాష్ వచ్చింది. మ్యాక్‌లో మెనూసెలెక్ట్ అనే ఫంక్షన్ ఒకటుంది. మనిషి మౌస్ వదిలాక అది ప్రోగ్రాముకి 32 బిట్ల అంకె ఒకటి తిరిగిస్తుంది. పై సగంలో ఏ మెనూ, కింది సగంలో ఆ మెనూలో ఎన్నో ఐటెమ్. అంతే. రెండో మెనూలో మూడోది. దాన్ని పట్టుకుని ఏం చేయాలో ప్రోగ్రామర్ ఒక పెద్ద కేస్ స్టేట్‌మెంట్‌లో రాసుకోవాలి. ఎన్ని గంటలు మోగాయో లెక్కబెట్టి బోర్డు వైపు చూసే ఇంజను మనిషి పనే అది.

మరి మెనూలోని మాటలు ఎక్కడుండేవి? కోడ్‌లో కాదు. రిసోర్స్ అనే విడి గదిలో. రిసోర్స్ మేనేజర్ రాసింది బ్రూస్ హార్న్. ఈ ఏర్పాటుకి ఉన్న కారణాల్లో అనువాదం ఒకటి. ప్రోగ్రామింగ్ రాని అనువాదకుడు రెస్‌ఎడిట్ లాంటి పనిముట్టుతో ఆ గది తెరిచి, ఫైల్ అన్నచోట తన భాషలో మాట రాసి మూసేయొచ్చు. ప్రోగ్రాముని మళ్ళీ కంపైల్ చేసే పనిలేదు. 1986కే కంజీటాక్ పేరుతో జపనీస్ మ్యాక్ వచ్చింది. వేల లిపి గుర్తులున్న భాష రెండేళ్ళలో మెనూలోకి చేరిందంటే, తీగలో అంకె మాత్రమే పారడం అందుకు ఒక కారణం.

1985 నవంబర్‌లో వచ్చిన విండోస్ కూడా ఇదే దారి పట్టింది. ప్రతి ఐటెమ్‌కీ ప్రోగ్రామర్ ఒక అంకె ఇస్తాడు. ఓపెన్‌కి 101 అనుకుందాం. మనిషి నొక్కగానే విండోకి ఒక కమాండ్ మెసేజ్ వస్తుంది, దాని పొట్టలో 101. ఇక్కడ వరుసలో చోటుతో కూడా పనిలేదు. ఐటెమ్‌ని పైకీ కిందికీ జరిపినా 101 ఎప్పుడూ 101. లోపమల్లా ఒకటే. ప్రోగ్రాము పెరిగేకొద్దీ ఆ స్విచ్ స్టేట్‌మెంట్ పేజీలకి పేజీలు పెరిగి కొండవీటి చాంతాడు అయ్యేది. 1992లో వచ్చిన ఎమ్‌ఎఫ్‌సీ దాన్ని మెసేజ్ మ్యాప్ అనే పట్టికగా మార్చింది: ఈ అంకె వస్తే ఈ ఫంక్షన్. అదే బోర్డు, కాస్త శుభ్రంగా రాసి పెట్టినది.

గీత గీసి కలపడం

అంకెలతో విసిగినవాళ్ళు ఇంకో దారి వెతికారు. స్టీవ్ జాబ్స్ యాపిల్ నుంచి బయటికొచ్చి పెట్టిన నెక్స్ట్ కంపెనీలో జాన్-మారీ హ్యూలో అనే ఫ్రెంచి ఇంజనీరు ఇంటర్‌ఫేస్ బిల్డర్ తయారు చేశాడు. అందులో మెనూ ఐటెమ్ మీద కంట్రోల్ నొక్కి పట్టుకుని మౌస్ లాగితే గీత ఒకటి సాగుతుంది. ఆ గీతని పని చేయాల్సిన ఆబ్జెక్టు మీద వదిలితే అది చేయగల పనుల జాబితా వస్తుంది. ఒకటి ఎంచుకుంటే సరి, కలిసిపోయాయి. దీని పేరు టార్గెట్-యాక్షన్: ఎవరికి, ఏ పని.

దీన్లో నాకు అన్నిటికన్నా నచ్చేది టార్గెట్ ఖాళీగా వదిలేసే వీలు. పేస్ట్ అనే ఐటెమ్‌కి ఫలానా పెట్టెలోనే అతికించు అని ముందే చెప్పలేం. అందుకని చిరునామా లేకుండా పంపుతారు. ప్రస్తుతం మనిషి ఎక్కడ టైప్ చేస్తున్నాడో ఆ పెట్టెకి ముందు వెళ్తుంది. దానికి చేతకాకపోతే దాన్ని పట్టుకున్న కిటికీకి, అక్కడా కాకపోతే మొత్తం ప్రోగ్రాముకి. ఎవరికీ చేతకాకపోతే ఆ ఐటెమ్ మెనూలో బూడిదరంగులో మసకబారి కనిపిస్తుంది. ఒకే గంటకి సందర్భాన్ని బట్టి అర్థం మారడం అంటే ఇదే.

నార్వేలో హోవార్డ్ నోర్డ్, ఐరిక్ షాంబె-ఎంగ్ అనే ఇద్దరు తయారు చేసిన క్యూట్ లైబ్రరీ 1995లో బయటికొచ్చింది. వాళ్ళు దీన్నే సిగ్నల్, స్లాట్ అన్నారు. ఐటెమ్ సిగ్నల్ ఇస్తుంది, వినేది ఎవరో దానికి పట్టదు. ఎన్ని స్లాట్‌లనైనా తగిలించుకోవచ్చు. గనిలో వాడే మాటే, సిగ్నల్. లినక్స్ మీద కేడీఈ డెస్క్‌టాప్ దీని మీదే కట్టారు. చాలాకాలం పాటు క్యూట్‌లో ఈ పేర్లు స్ట్రింగ్‌లుగా ఉండేవి. స్లాట్ పేరులో ఒక అక్షరం తప్పు రాస్తే కంపైలర్ పట్టుకోదు. ప్రోగ్రాము నడిచేటప్పుడు అలాంటి స్లాట్ లేదని ఒక హెచ్చరిక మూలన పడి ఉంటుంది, మెనూ నొక్కితే ఏమీ జరగదు. 2012 చివర్లో వచ్చిన క్యూట్ 5లో పేర్ల బదులు ఫంక్షన్‌నే నేరుగా ఇవ్వగలిగాక ఆ తలనొప్పి తగ్గింది.

ఈ ఆలోచనలన్నిటికీ పుస్తకరూపం 1994లో దొరికింది. గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ రాసిన డిజైన్ ప్యాటర్న్స్‌లో కమాండ్ అనే ప్యాటర్న్‌ని వివరించడానికి వాళ్ళు ఎంచుకున్న ఉదాహరణ మెనూ ఐటెమే. పనినే ఒక వస్తువుగా చెయ్యి అంటారు వాళ్ళు. అప్పుడు ఆ వస్తువుని మెనూలోనూ పెట్టొచ్చు, టూల్‌బార్‌లోనూ పెట్టొచ్చు, కీబోర్డు షార్ట్‌కట్‌కీ తగిలించొచ్చు. చేసిన పనుల్ని వరుసగా దాచుకుంటే వెనక్కి తిప్పి అన్‌డూ కూడా చేయొచ్చు.

మాటే తీగ అయినప్పుడు

ఇంత చరిత్ర నడిచాక 1996 జనవరిలో జావా 1.0 వచ్చింది. అందులో మెనూ నొక్కితే యాక్షన్ అనే మెథడ్‌కి కబురొచ్చేది. కబురుతో పాటు ఒక ఆర్గ్యుమెంటు. మెనూ ఐటెమ్ విషయంలో ఆ ఆర్గ్యుమెంటు ఏమిటంటే, ఐటెమ్ మీద రాసిన మాటే. దాంతో 'వచ్చిన మాట ఓపెన్‌తో సమానమైతే ఈ పని చెయ్యి, క్విట్‌తో సమానమైతే ఆ పని చెయ్యి' అని రాయడం మామూలైపోయింది.

తెర మీది మాటే తీగలో పారుతోందన్నమాట. ఇప్పుడు ఆ ఐటెమ్ మీద 'ఓపెన్' తీసి 'తెరువు' అని రాస్తే? మెనూ చక్కగా దిగుతుంది, తెలుగు మాట చక్కగా కనిపిస్తుంది, నొక్కితే ఏమీ జరగదు. లోపల 'తెరువు' కోసం ఎదురుచూసేవాళ్ళెవరూ లేరు. ఎర్రర్ కూడా రాదు. అనువాదం చేయడమంటే ప్రోగ్రాముని చెడగొట్టడం.

జాగ్రత్తపరులు ఆ మాటని ఒక వేరియబుల్‌లో పెట్టి దానితోనే పోల్చేవాళ్ళు. అదీ పూర్తిగా గట్టెక్కించదు. ఇంగ్లీషులో డిలీట్, రిమూవ్, క్లియర్ అని మూడు మాటలుంటాయి. తెలుగు చేసేవాళ్ళు మూడింటికీ 'తొలగించు' అనే రాసే అవకాశం ఎక్కువ. మాటే తీగ అయితే మూడు తీగలు ఒకచోట కలిసిపోతాయి. ఫైల్ తీసేయాలో తెర తుడవాలో ప్రోగ్రాముకి తెలియదు. సెంగెనిడ్ భాషలో చెప్పాలంటే, తీగలో ఉండాల్సినదానికన్నా ఎక్కువ కరెంటు.

చిత్రమేమిటంటే, జావా మొదటి రోజు నుంచీ యూనికోడ్ మీద నడిచిన భాష. తెలుగు అక్షరాన్ని మోయగల శక్తి పుట్టుకతోనే ఉంది. అయినా ముడి ఇంగ్లీషుకే వేశారు. అక్షరాలు చేరినంత మాత్రాన భాష చేరినట్టు కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఏడాది తిరిగాక, అంటే 1997లో వచ్చిన జావా 1.1లో లిజనర్ పద్ధతి పెట్టి దీన్ని సరిచేశారు. లేబుల్ వేరు, యాక్షన్ కమాండ్ వేరు అయ్యాయి. అయితే కమాండ్ ఏమీ ఇవ్వకపోతే ఇప్పటికీ లేబులే కమాండ్. పాత తీగ ముక్క ఒకటి గోడకి వేలాడుతూనే ఉంది.

పేజీలో తెలుగు, మెనూలో ఇంగ్లీషు

మన దగ్గర కథకి వద్దాం. యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లో వచ్చినప్పుడే తెలుగుకి చోటిచ్చింది. అది మామూలు జనం కంప్యూటర్లలోకి దిగింది మాత్రం గౌతమి ఫాంటుతో 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో. ఆ లోపు తెలుగు ప్రచురణంతా డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ మీద, అను లాంటి ఫాంట్లతో నడిచింది. ఆ ఫాంట్లు చేసింది ఒక గడుసు పని. లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాల కోడే, బయట గీసేది తెలుగు బొమ్మ. పత్రికలు, కరపత్రాలు, పెళ్ళికార్డులు అన్నీ అలాగే వచ్చాయి.

ఆ కిటుకు పనిచేసేది ఫాంట్ మార్చగలిగినచోట మాత్రమే. పేజీలో ఫాంట్ మార్చొచ్చు. మెనూలో కుదరదు. మెనూ ఏ ఫాంట్‌లో కనపడాలో విండోస్ నిర్ణయిస్తుంది, ప్రోగ్రాము కాదు. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఎంతమందితోనో మొదటి మెనూ చేయించిన విజువల్ బేసిక్ 6 సంగతే చూడండి. అందులో మెనూ ఎడిటర్ ఉండేది. ఐటెమ్‌కి రెండు గడులు: క్యాప్షన్, నేమ్. క్యాప్షన్ మనిషికి, నేమ్ ప్రోగ్రాముకి. నేమ్ చివర అండర్‌స్కోర్ క్లిక్ అని చేరిస్తే అదే నడిచే ఫంక్షన్ పేరు. అంటే మాటా పనీ ముచ్చటగా విడివిడిగానే ఉన్నాయి. కానీ టెక్స్ట్‌బాక్స్‌కి ఫాంట్ ప్రాపర్టీ ఉంది, మెనూకి లేదు. పైగా ఆ కంట్రోల్స్ యూనికోడ్‌కి ముందు కాలానివి. కాబట్టి తెలుగులో జీతాల చిట్టా చూపించే ప్రోగ్రాము రాసినా దాని మెనూ ఇంగ్లీషులోనే ఉండాలి.

జావా దగ్గర లిపి ఉండి ముడి తప్పు. విజువల్ బేసిక్ దగ్గర ముడి ఒప్పు, లిపికి చోటు లేదు. ఈ రెంటి మధ్య తెలుగువాళ్ళకి ఒక తరం గడిచిపోయింది. ఆ తరానికి తెలుగు అనేది కంప్యూటర్‌లో టైపు చేసే వస్తువు, ఇంగ్లీషు కంప్యూటర్‌కి ఆజ్ఞ ఇచ్చే భాష. సరుకు తెలుగు, పెత్తనం ఇంగ్లీషు. ఈ విభజన ఎవరూ కావాలని చేసింది కాదు. ఒక ఫాంట్ ప్రాపర్టీ లేకపోవడం నుంచి వచ్చింది. కానీ అలవాటయ్యాక అదే ప్రకృతి అనిపించింది.

తెరువు, తెరవండి

ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమం ఈ గోడకి కన్నం వేసింది. గ్నోమ్, కేడీఈ, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, వీటి మెనూలని వాలంటీర్లు తెలుగు చేశారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఏకంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే జనంలోకి తీసుకెళ్ళే పని పెట్టుకుంది. సాంకేతికంగా వీటిలో చాలావాటికి ఆధారం గెట్‌టెక్స్ట్ అనే పద్ధతి. ప్రోగ్రాములోని ప్రతి ఇంగ్లీషు వాక్యాన్నీ ఒక ఫైల్లో ఎడమవైపు పెట్టి కుడివైపు అనువాదం రాస్తారు. పని జరిపించే తీగ వేరుగానే ఉంటుంది, కాబట్టి ఏం రాసినా ప్రోగ్రాము చెడదు.

అయితే ఇక్కడా ఇంగ్లీషు ఇంకో తలుపులోంచి లోపలికొచ్చింది. అనువాదాన్ని వెతికే తాళంచెవి ఇంగ్లీషు వాక్యమే. ఇంగ్లీషులో 'ఓపెన్' అంటే తెరువు అనీ అవుతుంది, తెరిచి ఉంది అనీ అవుతుంది. రెండుచోట్లా ఒకే మాట ఉంటే ఫైల్లో ఒకే గడి. తెలుగువాడు ఒకటే రాయగలడు. సందర్భాన్ని విడిగా చెప్పే వీలు గెట్‌టెక్స్ట్‌కి 2006లో గానీ రాలేదు.

తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు ఇంకోటుంది, మర్యాద. ఇంగ్లీషు 'ఓపెన్'లో నువ్వూ లేదు, మీరూ లేదు. తెలుగులో తెరువు అనాలా, తెరవండి అనాలా? దీనికి జవాబు చెప్పాలంటే ఎవరు ఎవరికి చెప్తున్నారో తేల్చుకోవాలి. మెనూలో మాట మనిషి మిషన్‌కి ఇచ్చే ఆజ్ఞ. అక్కడ 'తెరువు' చాలు. మధ్యలో వచ్చే పెట్టె మిషన్ మనిషిని అడిగేది. అక్కడ 'ఫైలు ఎంచుకోండి' అనాలి. తీగకి ఈ చివర నువ్వు, ఆ చివర మీరు. ఇంగ్లీషు ప్రోగ్రామర్‌కి ఎప్పుడూ ఎదురుకాని ప్రశ్న ఇది. తెలుగు చేయడానికి కూర్చున్నవాడికి మొదటి గంటలోనే ఎదురవుతుంది.

ఇంకొక ఆనవాలు. గ్నోమ్ తెలుగు మెనూల్లో 'దస్త్రం' అని రాసి దాని వెనక బ్రాకెట్లో ఇంగ్లీషు 'ఎఫ్' అక్షరం ఉండేది. ఆల్ట్ నొక్కి ఎఫ్ కొడితే ఫైల్ మెనూ తెరుచుకోవాలన్న పాత ఏర్పాటు కోసం. జపనీస్, చైనీస్ అనువాదాల్లోనూ ఇదే కనిపిస్తుంది. మాట వెళ్ళిపోయినా దాని మొదటి అక్షరం తోకలా మిగిలింది.

ఇంత శ్రమపడి చేసిన తెలుగు మెనూలని ఎక్కువమంది వాడలేదన్నది కూడా ఒప్పుకోవాలి. దానికి అందరూ చెప్పే కారణం, దస్త్రం ఎవరికి అర్థమవుతుంది, ఫైల్ అంటే సరిపోదా అని. దస్త్రం కూడా హిందుస్తానీ నుంచి కచేరీల గుండా తెలుగులోకి వచ్చిన మాటే. ఒకప్పటి ఆఫీసు మాట ఇప్పటి ఆఫీసు మాటతో తలపడి ఓడింది. బొగ్గుబాయిలో టబ్బు, హాలేజి, మస్టరు, షిఫ్టు తెలుగైపోయినట్టే డీటీపీ సెంటర్లో ఫైలు, సేవు, ప్రింటు తెలుగైపోయాయి. ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్ వాడిన ఆపరేటర్‌కి 'ఫైల్' ఇంగ్లీషు మాట కూడా కాదు. అది తెర మీద ఎడమ మూల ఒక చోటు. స్మాల్‌టాక్ వరుసల్లో మూడోది అన్నట్టు, వేళ్ళకి తెలిసిన చోటు.

నా ఉద్దేశంలో ఇది తెలుగు మెనూ ఓటమి కాదు. మాటనీ పనినీ విడదీసినందువల్ల వచ్చిన లాభం దస్త్రమే రాయాలన్న నియమం కాదు. 'ఫైలు' అని తెలుగు లిపిలో రాసుకోవచ్చు, ఇంకోచోట 'కాయితాలు' అని రాసుకోవచ్చు, రేపు నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఏ మాట బతుకుతుందో వాడేవాళ్ళు తేలుస్తారు. తీగ మాత్రం తెగదు.

మళ్ళీ మాట

ఈ చర్చ పాతబడిపోయిందని అనుకునే సమయానికి మెనూలే తగ్గడం మొదలైంది. యాపిల్ 2007లో హెల్ప్ మెనూలో ఒక వెతుకుడు పెట్టె పెట్టింది. మాట టైప్ చేస్తే ఆ ఐటెమ్ ఎక్కడుందో చూపిస్తుంది. ఉబుంటు 12.04 ఆల్ట్ నొక్కి పని పేరు టైప్ చేస్తే చాలంది. సబ్లైమ్ టెక్స్ట్, తర్వాత వీఎస్ కోడ్, కమాండ్ ప్యాలెట్‌ని ప్రోగ్రామర్ల అలవాటుగా మార్చాయి. చోటు గుర్తుండక్కర్లేదు, మాట గుర్తుంటే చాలు. వీఎస్ కోడ్‌ని వేరే భాషలో పెట్టుకున్నా ప్యాలెట్‌లో ఇంగ్లీషు పేరుతో కూడా వెతకొచ్చు. అయితే ఇక్కడ మాట తలుపు మాత్రమే. లోపల ప్రతి పనికీ విడిగా ఒక ఐడీ ఉంది.

ఇప్పుడు వస్తున్న చాట్ తరహా సాఫ్ట్‌వేర్‌లో ఆ తలుపు కూడా కరిగిపోతోంది. 'నిన్నటి రిపోర్టు తీసేసి కొత్తది పంపు' అని మాట్లాడుకున్నట్టే రాస్తాం. వెనక ప్రోగ్రామర్ కొన్ని ఫంక్షన్ల పేర్లూ వాటి వివరణలూ రాసి పెట్టి ఉంటాడు, ఎక్కువగా ఇంగ్లీషులో. మన వాక్యానికి ఏ ఫంక్షన్ సరిపోతుందో మోడల్ అర్థాన్ని బట్టి ఎంచుతుంది. జావా 1.0 తర్వాత మొదటిసారి మాటే మళ్ళీ తీగ అయింది. ఒక్క తేడా ఏమిటంటే అప్పుడు మాట అక్షరం పొల్లుపోకుండా కలవాలి, ఇప్పుడు సుమారుగా కలిస్తే చాలు.

తెలుగుకి ఇది పండగలాగే ఉంది. మెనూ అనువాదం కోసం ఎదురుచూడక్కర్లేదు, నోటికొచ్చిన తెలుగులో చెప్పొచ్చు. కానీ పై వాక్యంలో 'తీసేసి' అంటే ఏమిటి? డిలీట్ చేసా, బయటికి తీసా, జాబితాలోంచి తప్పించా? మనిషైతే ముఖం చూసి అడుగుతాడు. ఇంగ్లీషు వివరణలున్న ఫంక్షన్ల మీదకి తెలుగు వాక్యాన్ని వాలిస్తే తొలగించు దగ్గర కలిసిపోయిన మూడు తీగలు మళ్ళీ ఎదురవుతాయి. ఈసారి ఏమీ జరగకుండా ఉండిపోదు. ఏదో ఒకటి జరుగుతుంది.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. మనుషులు ఎక్కే పంజరానికి మూడు గంటలు కొట్టి, పైనుంచి తిరుగు గంట వచ్చేదాకా ఆగమన్నారు పాతవాళ్ళు. మన వాక్యం ఎంత వదులుగా ఉన్నా, పని జరిగే ముందు అది పేరున్న ఒక కచ్చితమైన ఆజ్ఞగా మారాలి. ఆ ఆజ్ఞని మనకి చూపించి 'నిన్నటి రిపోర్టు ఫైలుని శాశ్వతంగా చెరిపేయనా?' అని అడగాలి. అదీ మనం ఏ భాషలో చెప్పామో ఆ భాషలో, మనకి తెలిసిన మాటల్లో. చెప్పేది తెలుగులో, ఒప్పుకునేది ఇంగ్లీషులో అయితే మనం మళ్ళీ పేజ్‌మేకర్ కాలంలోనే ఉన్నట్టు.